సోమమ్మ మూర

పలుగుగుట్ట పోచమ్మ గుడి అనగానే గోపురం, గంటలు, ప్రాకారం ఊహించుకొని బయల్దేరితే మీరు గుడిని దాటిపోయి మళ్ళీ వెనక్కి రావాల్సి వచ్చేది. రామన్నపేట నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలో, బత్తాయి తోట దాటగానే, మూడు బండలు నిలబెట్టి వాటి మీద ఇంకో బండ కప్పి ఉండేది. అదే గుడి. మనిషి నడుము దాకా కూడా రాదు. లోపల నేల మీదే అమ్మ కొలువు. నల్లటి గుండ్రాయి, దానికి రెండు వెండి కళ్ళు. దండం పెట్టుకునేవాళ్ళు బయటి నుంచే పెట్టుకొని పోవచ్చు. అమ్మకు నీళ్ళు పోసి పసుపు రాయాల్సిన మనిషి మాత్రం మోకాళ్ళ మీద దూరి, మెడ వంచి పని కానిచ్చి, వచ్చిన దారినే వెనక్కి పాకాలి.

ఆ మనిషి పేరు సోమమ్మ. కుమ్మరి కాటమయ్య భార్య. పలుగుగుట్టలో పోచమ్మ సేవ తాతల కాలం నుంచీ కుమ్మరివాళ్ళదే. కుండ చేసే చేతులే అమ్మకు నీళ్ళు పోయాలి.

సోమమ్మ పొట్టి మనిషి. మామూలు పొట్టి కాదు. బడి పిల్లలు ఎదిగే వయసులో ఆమె పక్కన నిలబడి కొలుచుకొని, దాటేసిన రోజున ఇంటికి పరుగెత్తి చెప్పుకునేంత పొట్టి. ఆమెకు పెళ్ళి కుదిరిందే ఆ పొట్టితనం వల్ల. కల్వకుర్తి వైపు పల్లెకు పిల్లను చూడటానికి వెళ్ళినప్పుడు కాటమయ్య మేనమామలు పెదవి విరిచారట. కాటమయ్య తల్లి మాత్రం పిల్లను నిలబెట్టి, ఒకసారి వంగమని, మళ్ళీ లేవమని, "మీకేం ఎరుకరా, మా గుడికి గీ పిల్లే సరిపోతది" అని అక్కడికక్కడే ఖాయం చేసింది. ఆ అత్త తాటిచెట్టంత మనిషి. ఆ బండల కింద దూరి దూరి నడుము పడిపోయి ఉంది. "మా అత్త నడుమునొప్పే నా పెండ్లి చేసింది" అని సోమమ్మ ఎవరడిగినా నవ్వుతూ చెప్తుంది.

కోడలై వచ్చిన తర్వాతి మంగళవారమే ఆమె గుడిలో దూరింది. అప్పటి నుంచి మంగళవారం, శుక్రవారం తప్పలేదు. నీళ్ళు పోస్తూ, పసుపు రాస్తూ, వేపమండ పెడుతూ ఊరి కబుర్లన్నీ అమ్మకు చెప్పడం ఆమె అలవాటు. ఎవరి మేక ఈనింది, ఎవరి బోరు ఎండింది, ఎవరింటి అత్తాకోడళ్ళు మాట్లాడుకోవట్లేదు, అన్నీ. కాటమయ్యకు చెప్పేవి అందులో సగం కూడా ఉండవు. కాటమయ్యకూ అదే సుఖంగా ఉండేది. పెద్ద గొంతుతో ఒక్క మాట అనని మనిషి సోమమ్మ. ఎవరైనా కసిరినా "సరే తియ్యి" అని పక్కకు జరిగేది. ఊళ్ళో అందరి కోపాలూ చూసింది గానీ, ఆమె కోపం ఊళ్ళో ఎవరూ చూడలేదు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు పలుగుగుట్టకు కొంచెం కాలం కలిసొచ్చింది. కుంటలో నీళ్ళు నిలిచాయి, గొర్రెల మందలు పెరిగాయి. అందరికన్నా ఎక్కువ పెరిగింది గొల్ల దుర్గయ్య మంద. ఒక వానాకాలం ఆ మందకు గాలికుంటు రోగం తగిలితే, దుర్గయ్య అడ్డంపడి అమ్మకు మొక్కుకున్నాడు. "తల్లీ, నా గొర్లు బతికితే నీకు గుడి కట్టిస్త. అట్లాంటి ఇట్లాంటి గుడి కాదు, నార్కట్‌పల్లి చౌరస్తాల నిలబడితే అవుపడాలె!" మందు పని చేసిందో మొక్కు పని చేసిందో, గొర్రెలు బతికాయి. దుర్గయ్య మాట తప్పే మనిషి కాదు. మాట తగ్గించుకునే మనిషి కూడా కాదు. ఊరంతా చేయి కలిపింది. కల్వకుర్తి అవతల నుంచి గుర్వయ్య అనే శిల్పిని పిలిపించారు.

గుర్వయ్య ముసలివాడు, తిన్నని మనిషి. వచ్చినరోజే సంచిలోంచి నున్నగా చెక్కిన ఒక కర్ర తీసి బండ మీద పెట్టాడు. దాని మీద ఒక్క గీత కూడా లేదు.

"కొలిచే కర్రనా? అంకెలేవి?" అన్నాడు దుర్గయ్య.

"అంకెలు మీరే ఇయ్యాలె" అన్నాడు గుర్వయ్య. "టేపు వట్టి దుకాణాల మల్గీలు కడ్తరు. మా ఇంటోళ్ళు గుడి గట్ల కట్టరు. ఇల్లు ఎవరిదో వాళ్ళ మోచేతి నుంచి నడిమి వేలు కొస దాక ఒక మూర. గా మూరకు గీ కర్ర కోస్త. ఇగ గడప నుంచి కలశం దాక అన్ని గా కర్రతోటే. దర్వాజ నాలుగు మూరలు, అమ్మ కూసునే గద్దె రెండు మూరలు, గట్ల పైదాక. చెప్పుండ్రి, ఇంటి యజమాని ఎవరు?"

దుర్గయ్య అప్పటికే చొక్కా చెయ్యి మడిచేశాడు. మనిషి ఆరడుగుల పైచిలుకు. చెయ్యి చాపితే పక్కవాడి ముందున్న చాయ్ గ్లాసు అందుకునేవాడు. ఆ మూరతో కడితే చౌరస్తాలో కనబడక ఛస్తుందా! కానీ ఊరు ఊరే కదా. "గుడి నీ ఇల్లా దుర్గన్నా?" అని ఒకరు, "చందా మేం గూడ ఇచ్చినం" అని ఇంకొకరు లేచారు. కాసేపటికి ఊరు కూర్చున్న కచ్చీరు దగ్గర మగవాళ్ళందరి చొక్కాల చేతులూ మడిచే ఉన్నాయి. చూసేవాళ్ళకు సూదిమందు వేయించుకోవడానికి వరసలో నిలబడ్డట్టు ఉంది.

చివరికి గుర్వయ్యే గొంతు సవరించుకున్నాడు. "కొట్లాట ఎందుకు? గుడి ఎవరి ఇల్లు? అమ్మ ఇల్లు. అమ్మ మూర ఇయ్యుండ్రి."

అందరూ తలకాయలు ఊపారు. ఊపిన తర్వాత ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అమ్మ గుండ్రాయి. అమ్మకు కళ్ళున్నాయి గానీ చేతులు లేవు.

ముడి విప్పింది దుర్గయ్య భార్య యాదలక్ష్మి. "శ్రావణంల బోనాలు వస్తున్నయి గద. ఆనాడు అమ్మ ఎవరి ఒంటిమీదికి వచ్చి శిగమూగుతదో, గా చెయ్యే అమ్మ చెయ్యి. కొలుసుకోండ్రి." ఆ మాట అందరికీ నచ్చింది. అందరికన్నా దుర్గయ్యకు నచ్చింది. అమ్మ ఒంటిమీదికి రావడం ఎలాగో బోనాల దాకా నేర్చుకోవచ్చు.

ఇంతసేపూ సోమమ్మ చివర నిలబడి వేరే లెక్క వేసుకుంటోంది. దుర్గయ్య మూరతో గద్దె రెండు మూరలు. దాని మీద అమ్మ. ఆమె కొంగు చాటున చెయ్యి పైకెత్తి చూసుకుంది. ఎంత చాచినా అమ్మ బుగ్గ అందేలా లేదు, ఇక నుదురు ఎక్కడ!

"దుర్గన్నా" అంది మెల్లగా, "గద్దె గంత ఎత్తయితే నాకెట్ల అందుతది?"

"అయ్యో సోమక్కా, గదేం ఫికర్?" అన్నాడు దుర్గయ్య. అతని మనసులో కల్మషం లేదు. "ఇన్నేండ్లు కష్టపడ్డవు. ఇగ బయట చల్లగ కూసో. నార్కట్‌పల్లి నుంచి పూజారిని మాట్లాడుకుందం. పెద్ద గుడికి పెద్ద పూజారి ఉండాలె గద!"

"సరే తియ్యి" అంది సోమమ్మ, అలవాటు కొద్దీ. ఇంటికి పోయి అన్నం ముట్టలేదు. కాటమయ్య అది చూసి, "ముక్కాలిపీట చేయిద్దమా?" అన్నాడు.

"అమ్మ ముంగట పీటెక్కి నిలబడుదునా? బుద్ధి ఉండే మాట్లాడుతున్నవా?" అంది సోమమ్మ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిల్లలు లేరన్న దిగులు గానీ, పట్నంలో ఉన్నవాళ్ళకున్నట్టు ఇల్లు లేదన్న దిగులు గానీ ఆమెను ఏనాడూ ఏడిపించలేదు. అమ్మకు పసుపు రాయకుండా మంగళవారం ఎలా తెల్లవారుతుందో ఆమెకు తెలియదు. అదొక్కటే ఆమె బాధ.

మరుసటి శుక్రవారం బండల కింద దూరి అమ్మకు గట్టిగానే చెప్పుకుంది. "తల్లీ, నువ్వు ఎవరి మీదికన్న రా. దుర్గన్న మీదికి మాత్రం రాకు. ఎవరన్న చిన్న చేతుల మనిషిని చూసుకో." తన మీదికి రమ్మని మాత్రం అడగలేదు. ఆ ఆలోచనే తట్టలేదు. బోనాల నాడు అమ్మ ఎందరి మీదికో వచ్చేది. సోమమ్మ వాళ్ళకు నీళ్ళు పోసేది, నిమ్మకాయ కోసేది, పడిపోకుండా పట్టుకునేది. అందరూ ఊగితే పట్టుకునేవాళ్ళు ఎవరుండాలి?

అక్కడ దుర్గయ్య గొర్రెల దొడ్డి వెనక సాధన మొదలుపెట్టాడు. పళ్ళు కొరుకుతూ, తల తిప్పుతూ, "హుఁ... హుఁ..." అని ఎగురుతుంటే గొర్రెలు బెదిరి కంచెకు అతుక్కుపోయేవి. "రోగం నుంచి కాపాడినవు, ఇప్పుడు నువ్వే సంపుతవా వాటిని?" అని యాదలక్ష్మి మొత్తుకునేది.

బోనాల ఆదివారం రానే వచ్చింది. ఆడవాళ్ళు పసుపు పూసిన కుండల్లో బోనం వండి, పైన దీపం పెట్టి, నెత్తిన ఎత్తుకొని వచ్చారు. డప్పులు మోగుతున్నాయి. గుర్వయ్య కర్ర, చిన్న రంపం పట్టుకొని గుడి పక్కన కూర్చున్నాడు. ఊళ్ళో నోళ్ళున్నవాళ్ళంతా మాట్లాడుతున్నారు, ఫోన్లున్నవాళ్ళంతా వీడియో తీస్తున్నారు. సోమమ్మ ఎప్పట్లాగే పసుపునీళ్ళ కుండ చంకన పెట్టుకొని, ఒక చేత్తో వేపమండ పట్టుకొని సిద్ధంగా ఉంది.

డప్పు అందుకోగానే దుర్గయ్య అందుకున్నాడు. తువ్వాల విసిరి, కళ్ళు తేలేసి, ఒక్క ఎగురు ఎగిరాడు. జనం చోటిచ్చారు. "అమ్మ వచ్చింది, కొలువుండ్రి!" అని ఆ ఊపులోనే ఆయనే చెయ్యి చాపాడు. అయితే వచ్చింది అమ్మేనా అని తేల్చుకోవడానికి పలుగుగుట్టలో ఒక పద్ధతుంది. అరచేతిలో కర్పూరబిళ్ళ పెట్టి వెలిగిస్తారు. అమ్మ వచ్చిన ఒంటికి సెగ తెలియదు. యాదలక్ష్మే వెలిగించింది. పెనిమిటి మీద ఆ మాత్రం అనుమానం ఉన్నట్టుంది. దుర్గయ్య ఒకటి, రెండు లెక్కపెట్టేలోపు "సచ్చిన్రో!" అని అరిచి తోట గట్టున ఉన్న కుడితి తొట్టి దాకా ఒకే పరుగు తీశాడు. గుర్వయ్య కూడా మొహం తిప్పుకొని నవ్వాడు.

తర్వాత ఇంకా కొందరు ప్రయత్నించారు. ఎవరూ కర్పూరం దాకా కూడా పోలేదు. ఆడవాళ్ళలో ఏటేటా శిగమూగేవాళ్ళు ఆ ఏడాది మూర సంగతి తలచుకొని బెదిరిపోయారో ఏమో, కదలకుండా నిలబడ్డారు. డప్పులవాళ్ళ చేతులు నొప్పులు పుట్టాయి. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "అమ్మ రాదా? అలిగిందా?" దగ్గరగా చూడాలని వెనకవాళ్ళు ముందుకు తోశారు. ఆ తోపులాటలో ఎల్లేష్ అనే ట్రాక్టర్ డ్రైవర్, మీసాలు నెరుస్తున్న మనిషి, వీడియో బాగా రావాలని చెప్పులతోనే గుడి కప్పుబండ మీదికి ఎక్కి నిలబడ్డాడు.

సోమమ్మ చూసింది. గబగబా అటు పోబోయింది. ఎవరో మోచేత్తో నెట్టారు. చంకలోని కుండ ఎగిరి ఆమె నెత్తి మీదే పగిలింది. పసుపునీళ్ళు మొహం మీదుగా కారాయి, కొప్పు ఊడి జుట్టు భుజాల మీద పడింది, పొద్దుటి నుంచి సాంబ్రాణి పొగ మింగిన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ అవతారంలో ఆమె నోరు తెరిచింది.

"దిగురా!"

డప్పులు ఆగిపోయాయి. ఎల్లేష్ దిగాడు. దిగడం కాదు, దూకాడు.

"చెప్పులేసుకొని అమ్మ ఇంటి మీదికి ఎక్కుతవా? మీ ఇంటి పెంకల మీదికి ఎవడన్న ఎక్కితే ఊకుంటవా?" వేపమండతో అతని కాళ్ళ మీద ఒకటి వేసింది. అంతటితో ఆగలేదు. అన్నేళ్ళు అనకుండా దాచుకున్నదంతా కట్ట తెగినట్టు వచ్చింది. "ఎండకాలంల బండలు కాలుతుంటే ఒక్కరన్న చెంబెడు నీళ్ళు పోసిండ్రా? సంవత్సరానికొక్క పూట వస్తరు, కోళ్ళు కోసుకొని తిని పోతరు! ఇప్పుడు మూరలంట! ఎవడి చెయ్యి పెద్దగున్నదో చూసుకోనీకె అమ్మ కావాల్సి వచ్చిందా మీకు? గోపురం చౌరస్తకు అవుపడాల్నా? అమ్మకు అవుపడుండ్రి ముందుగాల మీరు!"

అలా అంటూ ఆమె నిలువెల్లా వణుకుతోంది. ఎదురుగా ఉన్న దుర్గయ్య చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. పక్కన యాదలక్ష్మి నేల మీద సాగిలపడింది. ఆమె వెనకే ఊరంతా సాగిలపడింది.

"అమ్మ వచ్చింది! సోమమ్మ మీదికి వచ్చింది!"

సోమమ్మ బిత్తరపోయింది. "నా మీదికి ఎవరు రాలె! నాకు కోపమొచ్చింది, అంతే! లేవుండ్రి!"

"అమ్మకు కోపమొస్తే గిట్లనే ఉంటది తల్లీ, శాంతించు" అని బిందెలతో నీళ్ళు తెచ్చి ఆమె కాళ్ళ మీద కుమ్మరించారు. ఎవరో అరచేతిలో కర్పూరం పెట్టి వెలిగించారు. ఆవం దగ్గర వేడి కుండలు ఎత్తీ ఎత్తీ, హారతిబిళ్ళలు పట్టీ పట్టీ కాయలు కాసిన అరచెయ్యి అది. అందులోనూ ఆ కోపంలో ఆమెకు కర్పూరం సంగతే తెలియలేదు. "నేను చెప్పేది ఇనుండ్రి!" అని అదే చెయ్యి మంటతో సహా ఊపింది. ఇంకేం కావాలి? గుర్వయ్య వచ్చి, దండం పెట్టి, ఆమె మోచేతి దగ్గర కర్ర ఆనించి, వేలి కొస దగ్గర గీత గీసి, అక్కడే రంపంతో కోసేశాడు. కోసిన తర్వాత మిగిలిన ముక్క చూసి దుర్గయ్య గుడ్లప్పగించాడు. మూర కన్నా ముక్కే పెద్దగా ఉన్నట్టుంది.

మరునాడు సోమమ్మ గుర్వయ్య దగ్గరికి పోయింది. రాత్రంతా నిద్ర లేదు. "గుర్వన్నా, తప్పయితది. నా మీదికి అమ్మ రాలె. ఒట్టు. నాకు ఒళ్ళు మండి తిట్టిన."

గుర్వయ్య ముగ్గుపిండితో గీతలు గీస్తూ తలెత్తలేదు. "నేను శిల్పిని చెల్లె. ఎవరి మీదికి ఎవరొచ్చిండ్రో చెప్పుడు నా పని కాదు. యజమాని ఎవరని అడిగిన, ఊరు నిన్ను చూపెట్టింది. కర్ర తెగింది. ఇగ నువ్వు కాదన్నా, తెగిన కర్ర అతకదు."

"గుడి చిన్నగయితది గద!"

"చిన్నగయితది. వంకరగయితే కాదు."

పునాది గీతలు పడ్డరోజు దుర్గయ్య వచ్చి చుట్టూ తిరిగి, "ఇది గుడా, కోళ్ళ గూడా?" అన్నాడు. "అమ్మ మూర కాదంటవా? బోనాల నాటి కర్పూరం మర్సిపోయినవా?" అంది యాదలక్ష్మి. ఆ తర్వాత అతను ఆ మాట ఎత్తలేదు. పైగా కిందపడ్డా పైచేయి తనదే అనే రకం. గోడలు లేచేసరికి ఊరూరా తిరిగి, "గోపురాలు ఎవడన్న కడ్తడు. అమ్మ సొంత మూరతోటి కట్టిన గుడి మా పలుగుగుట్ట దాటితే నీకు దొరకదు" అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు. నార్కట్‌పల్లి చౌరస్తా ఊసే లేదు.

గుడి నిజంగానే చిన్నదిగా వచ్చింది. నల్లరాతి గోడలు, నాలుగు మూరల దర్వాజ, పైన అంతస్తు మీద అంతస్తుగా సన్నబడుతూ పోయిన బుజ్జి గోపురం, దాని కొసన ఇత్తడి కలశం. గడపకూ గోపురానికీ ఒకే కొలత కావడం వల్లనేమో, దూరం నుంచి చూస్తే ఎంత పెద్దదో అంచనా దొరకదు. దగ్గరికి వచ్చిన తర్వాత తెలుస్తుంది, వంగాలని. దుర్గయ్య మొదటి రోజే నుదురు కొట్టుకొని, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసుకున్నాడు. అందరూ చూశారు.

అమ్మను గద్దె మీద నిలబెట్టిన రోజు తొలి స్నానం సోమమ్మదే. నార్కట్‌పల్లి పూజారి మాట ఎవరూ మళ్ళీ అనలేదు. అమ్మ మూరతో కట్టిన గుడిలో అమ్మ చెయ్యి కాక ఇంకెవరి చెయ్యి పెడతారు? బయట జనం వరస కట్టి ఉన్నారు. సోమమ్మ చెంబు, పసుపు గిన్నె పట్టుకొని గడప దాటింది. అలవాటుగా మోకాళ్ళ మీద కూలబడబోయి, ఎందుకో గుర్తొచ్చి ఆగింది. నిటారుగా నిలబడింది.

వెండి కళ్ళు సరిగ్గా ఆమె కళ్ళకు ఎదురుగా ఉన్నాయి. ఒక ఇసుమంత పైనా లేవు, కిందా లేవు.

ఆమెకు ఎందుకో సిగ్గేసింది. కొంగు సర్దుకుంది. కబుర్లు చెబుదామంటే ఒక్కటీ నోటికి రాలేదు.

"తల్లీ" అంది, "ఆనాడు తిట్టింది నువ్వా, నేనా? నాకైతే సమజైతలేదు."

అమ్మ చూస్తూనే ఉంది. బయట నుంచి ఎవరో "సోమమ్మా, జల్ది కానియ్యి, లైను పెరుగుతాంది!" అని కేకేశారు. "సరే తియ్యి" అనబోయింది. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఆగుండ్రి!"

బయట వరస మొత్తం ఒక అడుగు వెనక్కి జరిగిన అలికిడి వినిపించింది. సోమమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. పసుపు ముద్ద తీసి, చెయ్యి చాచాల్సిన పని లేకుండా అమ్మ నుదుటి మీద పెట్టి, మెల్లగా బుగ్గల దాకా రాసింది.

"ఇన్నేండ్లు వంగి వంగి నీ నెత్తే చూసిన తల్లీ" అంది. "నీ మొగం గింత సక్కగుంటదని నాకెన్నడు ఎరుకలేదు."